కొంగ ఎత్కపోయిన చేప

(మిరుగం, అంటే మృగశిర కార్తె మొదలయ్యే నాటి మధ్యాహ్నం. ఎడపల్లి శివారులో, కాలువ చివర, చెరుకు మడుల పక్కన రెండు కుంటలు. ఒకదాన్లో అన్నీ మగ బంగారుతీగ చేపలు, ఇంకోదాన్లో అన్నీ ఆడవి. మగవాటి కుంట కట్ట మీద, కాంటా పట్టుకున్న కుంటల ఆసామి లింబయ్య. పుస్తకం పట్టుకున్న నిరోష, నిజామాబాద్ నుంచి వచ్చే చేపల చదువు పిల్ల.)

“ఇది మొగది కాదు, కాక.”

“మొగదే. మొగల కుంటలకెల్లి తీస్తిమి గద. మొగదే అయితది.”

“కుంట మొగలదైతే చేప మొగదైతదా?”

“గట్ల కాదు బిడ్డా. నీ చేతుల నువ్వే ఏరి ఏసినవ్. తోక అంచు కోసినవ్, సీసాల ఏసినవ్, పరీక్ష చేయించినవ్, గప్పుడు కుంటల ఇడిసినవ్. నేను పక్కకే ఉంటి.”

“ఉన్నవ్. అరవై మొగయి ఇందుల, అరవై ఆడయి అందుల. సరే, ఇదెంతుంది కాంటల?”

“నా కండ్లు సక్కగ కానొస్తలేవ్.”

“ఇందాకటిది ఆర్నూట నలభై అని నువ్వే చెప్పినవ్. అప్పుడు కండ్లు మంచిగనే ఉండె.”

“ఎండ కండ్లల్ల కొడ్తున్నది. ఆగు. కిలో... కిలో నూట ఎనభై.”

“తక్కినయన్ని ఆర్నూరు, ఆర్నూట యాభై. ఇదొక్కటే దానికి రెండింతలు.”

“బాగ తిన్నదేమో. ఇంటికో తిండివోతు ఉండడా? మా మేనమామ ఒగడు ఉండె, ఒక్క పూటకు శేరు బియ్యం. దానికేమంటవ్?”

“కడుపు పట్టి చూడు, మెత్తగ. మొగదైతే ఇంత ఒత్తంగనే పాల లెక్క వీర్యం కారుతుండె.”

“శిగ్గువడ్డదేమో, కొత్త మనిషి చెయ్యని.”

“రెండేండ్లాయె, నేను కొత్తేంది కాక?”

“గది నిజమే. రెండేండ్లు. మొన్నమొన్న వచ్చినట్టున్నది. రాస్కో, కిలో నూట ఎనభై.”

“రాసిన.”

“ఇందాకటి ఆర్నూట నలభైది రాసినవా?”

“రాసిన కాక. దీన్ని కుంటల ఇడువకు. టబ్బుల ఉండని, మల్ల చూద్దం.”

“టబ్బుల దానికి గాలాడది.”

“పెద్ద టబ్బే. నీళ్లు పోసినవ్ గద. ఇంకెన్నున్నయ్ వలల?”

“ముప్పై దాక ఉంటయ్. తొందరేమున్నది? ఇయ్యాల్టితో ఆఖరంటివి. ఆఖరు పని అడావుడిగ చేస్తరా ఎవలన్న? చాయ్ పెట్టాల్నా?”

“ఇప్పుడే తాగినం.”

“గదైతే గంటాయె.”

“నాలుగింటి బస్సు అందాలె.”

“బస్సు. ఇదివరకు జీపుల వస్తుంటివి. భానుప్రసాద్ డ్రైవరు కాలువ మలుపుల హారను కొడితే కొంగలన్ని ఒక్కపారి లేస్తుండె. నేను చాయ్ గిన్నె పొయ్యి మీద పెడ్తుంటి. ఇప్పుడు నువ్వు ఎడపల్లిల దిగి ఎండల నడుస్కుంట వస్తున్నవ్. నువ్వు వచ్చినవని నాకు ఎరుకయ్యేసరికి నువ్వు కట్ట మీద ఉంటవ్. చాయ్ ఆలిశ్యమైతున్నది.”

“జీపు వేరే పని మీద పోయింది.”

“ఉగాదికెల్లి వేరే పనేనా?”

“ఉగాదికెల్లే.”

“దాణ సంచి గూడ మారింది. ఇంతకుముందు సంచి మీద మీ కాలేజి ముద్ర ఉంటుండె, నీలిది. ఇప్పుడు బోధన్ అంగట్ల సంచి.”

“దాణ దాణనే. చేపలు ముద్ర చూసి తింటయా?”

“శాపలు సూడయ్. నేను సూస్త. నాకేం పని మరి? సంచులు సూస్త, కొంగలు సూస్త, క్యాలెండర్ల పదిహేను దినాలకోసారి బొగ్గుతోని గీత గీస్త, నువ్వు వచ్చే దినం ఎప్పుడని.”

“తర్వాతది పట్టు.”

“ఆర్నూట ఇరవై.”

“రాసిన.”

“ఇది చూడు, బక్కది. అయిదునూట తొంభై. రోగమున్నదా?”

“రోగం లేదు. మొగ బంగారుతీగ అంతే ఉంటది. రాసిన.”

“గదే నాకు మొదటిసంది సమజుగాదు. ఒక్కటే కాలువ నీళ్లు. ఒక్కటే దాణ. ఒక్కటే తల్లి గుడ్లు. ఆడది గంత, మొగది గింత. మల్లొక్కపారి చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలె కాక? పదిసార్లు చెప్పిన.”

“ఆఖరుది అంటివి గద. పదకొండోది చెప్పు. ఇగ మీద ఎవలు చెప్తరు నాకు?”

“బంగారుతీగల మొగదానికి తొందరెక్కువ. ఏడాది నిండకముందే అది జతకు తయారైతది. ఇగ తిన్నదంత అటే పోతది, పెరుగుడు ఆగుతది. ఆడదానికి నిదానం. ముందుగాల ఒళ్లు పెంచుకుంటది, తర్వాతనే గుడ్లు.”

“గిది నాకు ఎరికే. మొగదానికి తొందరవడుమని ఎవలు చెప్పిండ్రు? గా చిట్టీల ముచ్చట చెప్పు, గది మంచిగుంటది.”

“తల్లి దగ్గర ఒక్క తీరు చిట్టీలే ఉంటయ్. తండ్రి దగ్గర రెండు తీర్లయి. తండ్రి ఏ చిట్టి ఇస్తే పిల్ల అది.”

“అంటె ఆడపిల్లనో మొగపిల్లగాడో తండ్రి చేతులనే ఉన్నది.”

“చేతుల లేదు, చిట్టిల ఉన్నది. ఏది పోతదో తండ్రికి గూడ ఎరుక ఉండదు.”

“సరే. మరి పెరుగుడు?”

“పెరిగే గుణం ఇద్దరి ఒంట్ల ఒక్కటే కాక. మొగ చిట్టి వచ్చిందనుకో, అది కొన్ని గుణాలను తొందరగ లేపుతది, కొన్నిటిని పండవెడ్తది. ఆడదాంట్ల అవే గుణాలు వేరే తీరుగ లేస్తయ్. ఏది లేస్తున్నది, ఏది పంటున్నది, ఎప్పుడు. అదే నేను చూసేది.”

“గది దొరుకుతె?”

“దొరుకుతె రైతుకు అన్ని ఆడపిల్లలే ఇయ్యొచ్చు. అదే కుంట, అదే దాణ, చేప మాత్రం ఇంతింత.”

“మరి తిలాపియ జాతిల ఉల్టా అంటివి.”

“అవు. దాంట్ల మొగదే పెద్దది. ఏ జాతి లెక్క ఆ జాతిది.”

“మా ఈరవ్వ లెక్క బంగారుతీగది. పెండ్లిల నేను ఆమె భుజం కాడికే వస్తి. జీలకర్ర బెల్లం ఆమె నెత్తిన పెట్టాలెనంటె నాకు అందకపాయె. మా బావ పీట మీద పీట ఏసిండు. పందిరంత నవ్వింది. ఈరవ్వ నవ్వలే. తల కిందికి వంచింది, నా చేతికి అందేటట్టు. గంతే.”

“ఈ ముచ్చట ఎన్నడు చెప్పలే నువ్వు.”

“ఆఖరు దినానికి దాచిపెట్టిన.”

“అబద్ధం.”

“అబద్ధమే. ఇప్పుడే యాదికొచ్చింది. ముప్పై ఎనిమిదేండ్లు గట్లనే వంగింది బిడ్డా. ఎవలకు తెల్వకుంట. శాపల గంప నెత్తిన పెట్కొని బోధన్ దాక నడుస్తుండె. నేను ఎనకనుంచి ఖాళీ చేతుల నడుస్తుంటి. ‘లింబయ్యను పెండ్లాం మోస్తది’ అంటుండిరి ఊరోళ్లు. మోసింది మరి. పిల్లలు కాలే. కాకుంటే ఏమాయె, నువ్వే ఉన్నవ్ గద చంకలెక్కనీకి అని నన్నే అంటుండె.”

“ఆమె పోయి నాలుగేండ్లాయెనా?”

“నాలుగు నిండినయ్. ఇదివరకు చక్కెర ఫ్యాక్టరీ నడిచినప్పుడు గీ బాట మీద చెరుకు బండ్లు రాత్రిపగలు పోతుండె. ఇప్పుడు కోతలప్పుడు నాందేడు దిక్కు మరాఠోళ్లు వస్తరు, రెండు నెలలు. వాళ్ల మాట నాకు సగమే సమజైతది. అయినా బాగుంటది. పొయ్యి పొగ కనవడ్తది. వాళ్లు పోయినంక ఇగ కాలువల నీళ్లు ఇడిసినప్పుడే సప్పుడు.”

“ఊళ్లెకు పోయి ఉండరాదు కాక?”

“పోత. వెంకటి హోటల్ల కూసుంట. ‘ఏం లింబయ్య, శాపలెట్లున్నయ్’ అంటడు. మంచిగున్నయంట. ఇగ అయిపాయె మాట. నీకు దోస్తులు లేరా బిడ్డా? ఇదివరకు ఇద్దరు పోరీలు వస్తుండిరి నీతోని.”

“నిఖిత, రుచిత. పోయిండ్రు. ఒకామె హైదరాబాదు, ఒకామె పెండ్లి చేస్కుంది.”

“ఫోన్ల మాట్లాడరా?”

“మాట్లాడ్తం. ఎవల పనులు వాళ్లయి. తర్వాతది పట్టు కాక, ఎండ పోతున్నది.”

“ఆర్నూట డెబ్బై. బువ్వ తిని పోవాలె ఇయ్యాల. మిరుగం. మిరుగం నాడు శాప తినకుంట ఎవలన్న పోతరా? పొద్దుగాల బోధన్ పోయి రెండు రవ్వ శాపలు తెచ్చిన, చింతపులుసుల ఏసిన.”

“నూటిరవై చేపల నడుమ కూసొని బోధన్ల చేపలు కొన్నవా?”

“మరేం చేద్దును? ఇవి లెక్క శాపలు. ఒక్కటి తక్కువైతె లెక్క తప్పుతదంటివి. పోయిన మిరుగానికి గూడ కొనుక్కొచ్చుకున్న. అంగట్ల విష్ణుగాడు చూసి నవ్విండు, సముద్రమోడు ఉప్పు కొనవచ్చిండని.”

“ఈసారి ఇందులకెల్లే ఒకటి తీస్కో. నీకు నచ్చింది.”

“లెక్క తప్పదా?”

“తప్పదు.”

“రెండేండ్లసంది ఒక్క పొలుసు గూడ ముట్టనియ్యకపోతివి. ఇప్పుడెట్ల తప్పదు?”

“ఆఖరు తూకం గద. తూకమైనంక ఏం తప్పుతది.”

“ఊఁ.”

“ఊఁ అంటే ఏంది?”

“ఏం లేదు. ఊఁ అంటి. ఆర్నూట పదిహేను.”

“రాసిన. కాక, మాఘమాసంల ఇందుల పిల్లలు దొరికినయ్, యాదికున్నదా?”

“ఎన్ని దొరికినయ్? పిడికెడు.”

“పిడికెడు కాదు. వలంత మెరిసింది. దోసెడు పట్టి సీసాల పోస్కొని పోయిన. అన్ని మొగయే ఉన్న కుంటల పిల్లలెట్ల పుడ్తయ్?”

“కొంగ కాళ్లకు గుడ్లు అంటుకొని వస్తయంటరు పెద్దోళ్లు.”

“అప్పుడు కాలువ నీళ్లల్ల వచ్చినయన్నవ్.”

“కాలువ నీళ్లల్ల గూడ వస్తయ్.”

“తూముకు జాలి కట్టినం.”

“జాలికి బొక్క వడ్డదేమో.”

“ఆ దినమే చూసిన. జాలి మంచిగనే ఉండె.”

“అయితె కొంగనే.”

“ఆడ కుంటల లెక్కవెడితె యాభై తొమ్మిదే ఉండె అప్పుడు. అరవైయోది ఏమైందంటె ఏమన్నవ్?”

“కొంగ ఎత్కపోయిందంటి.”

“కిలో చేపను?”

“పెద్ద కొంగ.”

“అంత పెద్ద కొంగైతె నిన్నే ఎత్కపోతుండె కాక.”

“ఎత్కపోతె బాగుండు.”

“గట్లనకు.”

“ఉత్తగనే అన్న. అన్నిటికి కొంగనే దొరికింది నాకు, పాపం. ఒక దిక్కు గుడ్లు తెస్తది, ఒక దిక్కు శాపను ఎత్కపోతది.”

“ఆ టబ్బుల చేపను తే.”

“ఎందుకు?”

“పొట్ట కోసి చూద్దం. గుడ్ల తిత్తి ఉంటె ఆడది. లేకుంటె మొగది. కత్తి నా సంచిల ఉన్నది.”

“వద్దు.”

“మొగది అంటివి గద. ఏమైతది? ఎట్లాగు మిరుగం. కోసి చూసి పులుసుల వేద్దం.”

“రవ్వలున్నయ్ పులుసుల. చాలు.”

“తే కాక.”

“వద్దు బిడ్డా. పిల్లల తల్లిని కొయ్యొద్దు.”

“ఏమంటివి?”

“ఏం అనలే.”

“పిల్లల తల్లి అన్నవ్.”

“అన్న.”

“అంటె ఎరికేనన్నట్టు.”

“ఎరికే. నేనే ఏసిన. నేనే. కొంగ లేదు, జాలి లేదు. పుష్యమాసంల, అమాసకు రెండు దినాల ముందట, పొద్దుగూకంగ. ఆడ కుంటల దాణ సల్లి, పైకి రాంగనే తట్టతోని పట్టిన. పెద్దదాన్నే పట్టిన. తొట్టిల ఏస్కొని తెచ్చి ఇందుల ఇడిసిన. ఇరవై అడుగులు గూడ ఉండదు ఆ కట్టకు ఈ కట్టకు.”

“ఎందుకేసినవ్ కాక?”

“నువ్వే చెప్పినవ్ గద.”

“నేనా?”

“మొదటి దినం చెప్పినవ్. ఇదే కట్ట మీద నిలవడి. ‘పైలం కాక, ఒక్క ఆడది ఇందుల పడ్డా లెక్కంత పోతది, మల్ల మొదటికెల్లి చెయ్యాలె’ అంటివి. అన్నవా లేదా?”

“అన్న.”

“గా మాట నా చెవుల్ల ఉండిపాయె. పుష్యంల వచ్చినప్పుడు, వానలు వడేసరికి అయిపోతది కాక, ఇగ నీకు నా బాధ తప్పుతది అని నవ్వుకుంట అంటివి. నీకు నవ్వు. నువ్వు పోయినంక నువ్వు కూసున్న కుర్చీ నేను లోపల పెట్టలే మూడు దినాలు. మంచుకు తడిసింది. గప్పుడు ఈ మాట యాదికొచ్చింది. మల్ల మొదటికెల్లి. నారు మురిగితె ఏం చేస్తం? మల్ల నారు పోస్తం. నీ సదువు గూడ గంతే అనుకున్న. ఒక్క శాప ఏస్తె మల్ల రెండేండ్లు వస్తది పిల్ల, గంతే గద, ఎవలకేం నష్టం, అనుకున్న.”

“నారు లెక్కనా.”

“నాకు గదే ఎరుక బిడ్డా. ఏసినంక వారం దినాలు నిద్ర లేదు. పొద్దుగాల లేచి దాన్ని మల్ల పట్టుదామని సూసిన. రాలే. తెలివి మీరింది. నువ్వు వల ఏసిన ప్రతిపారి అడుగుకు పోయి దాగింది. మాఘంల పిల్లలు దొరికినయ్. నీ మొకం తెల్లవోయింది. చెప్దామని నోటిదాక వచ్చింది. కొంగ అని బయటికొచ్చింది.”

“నేను గూడ ఏం అనలే ఆ దినం.”

“అనలే. తర్వాతపారి వస్తివి, కాంట తీస్తివి, ‘కానీ కాక’ అంటివి. నాకు పానం లేచొచ్చింది. లెక్క పోలే కావచ్చు, నాకు పాపం అంటలే అనుకున్న. మల్ల మొదటికెల్లి గాలే, గని నువ్వైతె వస్తనే ఉన్నవ్. గది చాలనుకున్న. ఒక్కటి చెప్పు బిడ్డా. నా శాపతోని నీ సదువు ఆగలే గద? డాక్టరమ్మవైతవ్ గద?”

“తర్వాతది పట్టు.”

“చెప్పు ముందుగాల.”

“పట్టు కాక. ఎంతుంది?”

“ఆర్నూట పది. చెప్పు.”

“రాసిన.”

“దేనితోని రాసినవ్?”

“పెన్నుతోని.”

“పెన్ను నీ సంచి మీద ఉన్నది. ఇందాకటిసంది గాడనే ఉన్నది. నేను సూస్తున్న.”

“యాదిల పెట్కుంటున్న. తర్వాత రాస్త.”

“ముప్పై శాపలు యాదిల పెట్కుంటవా? పుస్తకం ఇటియ్యి.”

“నీకు చదువు రాదు గద కాక.”

“సదువు రాదు. తెల్లకాయితమైతె ఎరుకైతది. ఇటియ్యి.”

“చేతులు తడిగున్నయ్ నీయి.”

“తుడుసుకున్న. ఇగో సూడు, తుడుసుకున్న. ఇయ్యి.”

“ఇగో, తీస్కో.”

“ఇది తెల్లది. ఇది తెల్లది. ఇది గూడ. ఇది... ఆఁ, ఇక్కడ ఉన్నది రాత. ఎప్పటిది ఇది?”

“ఫాల్గుణం. ఉగాదికి ముందటిది.”

“దాని తర్వాత ఐదుపార్లు వస్తివి. నేను గీతలు గీసిన, నాకు ఎరుక. ఐదుపార్లు వల ఏస్తిమి. నేను బరువు చెప్తుంటి. రాసిన, రాసిన అంటుంటివి.”

“అవు.”

“ఏం రాయలే.”

“ఏం రాయలే. కాలేజోళ్లు ఈ పరిశోధన మూసేసిండ్రు కాక. పిల్లలు దొరికిన నెలకు మూసేసిండ్రు. పిల్లలు దాణ తింటయ్, పెద్దయి తినేది తగ్గుతది, ఇగ ఏది చిట్టితోని పెరగలేదో, ఏది తిండి దొరక్క పెరగలేదో తెల్వదు. రెండేండ్ల లెక్క చెల్లదన్నరు. నా సీటు గూడ పోయింది.”

“నేను చెడగొట్టిన.”

“దాణ నేనే కొనుక్కొస్తున్న. జీపు నాది కాదిగ.”

“మరి ఎందుకొచ్చినవ్ బిడ్డా ఐదుపార్లు? గీ ఎండలల్ల?”

“మా అమ్మకు చెప్పలే. ప్రమీలమ్మ బిడ్డ డాక్టరైతదని వాడకట్టంత ఎరుక. బీడీలు చుట్టుకుంట పక్కపొంటి కూసున్న ప్రతి మనిషికి చెప్తది. పొద్దుగాల టిఫిన్ డబ్బా కట్టిస్తది. నేను సంచి ఏస్కొని పోయి తిలక్ గార్డెన్ల కూసుంట. డబ్బా అక్కడనే తింట. ఐదు కాంగనే ఇంటికి పోత. ఏం చదివినవ్ బిడ్డా అంటది. చేపలమ్మా అంట. దినమంత నాతోని మాట్లాడేటోళ్లు ఉండరు కాక. పదిహేను దినాలకోసారి బోధన్ బస్సెక్కుత. ఆ ఒక్క దినం నాకు పోయే జాగ ఉంటది. ఈడికొస్తే నువ్వు చాయ్ పెడ్తవ్. బరువులు చెప్తవ్. నేను రాసిన అంట.”

“నువ్వు గూడనా.”

“నేను గూడ.”

“మరి ఇయ్యాల ఆఖరంటివి.”

“సోమవారంకెల్లి భీమవరం. రొయ్యల దాణ కంపెనీల నౌకరి. అమ్మకు రేపు చెప్పాలె, ఏం చెప్పాల్నో తెల్వదు.”

“ఆగు. ఆగు బిడ్డా. వల ఇడిసిపెడ్త. ఇగ తూకం ఎందుకు. నేను అంగీ మార్చుకొని వస్త. నీతోని గదే నాలుగింటి బస్సెక్కుత.”

“ఎక్కడికి?”

“మీ సారు కాడికి. నేనే ఏసిన్నని చెప్త. పిల్ల తప్పు లేదు, ముసలోని బుద్ధి తక్కువ అని చెప్త. కాయితం ఇస్తె ఏలిముద్ర ఏస్త. కాళ్లు వట్టుకుంట. గప్పుడు నీ సదువు నీకిస్తరు గద? నువ్వు జర ముందుగాల నన్ను అడిగి ఉంటె గప్పుడే వస్తుంటి. నీకు ఎరుకలేకపాయె, పాపం, ఎవలు ఏసిండ్రో.”

“ఎరికే కాక.”

“ఏం ఎరికె?”

“నువ్వే ఏసినవని. కొంగ ఎత్కపోయిందన్ననాడే ఎరుకైంది.”

“మాఘంలనా? ఎరుకై, మరి సారుకు ఎందుకు చెప్పలే?”

“సారు తెల్లకాయితం ఇచ్చి ముంగట కూసోవెట్టిండు. ఎవలు కలిపిండ్రో పేరు రాసియ్యి, ఇగ ఆ కుంటలు బంద్, చందూర్ దిక్కు వేరే కుంటలు ఇప్పిస్త, మల్ల మొదటికెల్లి చేస్కో అన్నడు. ఆ కాయితం గూడ తెల్లగనే ఇచ్చొచ్చిన కాక.”